నీడా, నలుపా?

తెల్లవారుజాము. సుప్రభాతం సన్నగా వినిపిస్తోంది. పుట్టపర్తిలో ప్రశాంతి నిలయం ఆశ్రమానికి దగ్గర్లో, ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒదగాల్సిన సందు. అక్కడ మిద్దె మీద గదిలో, కప్పుకు బిగించిన బల్బు కింద, అద్దం ముందు మా చెల్లెలు నిలబడి ఉంది. చిన్నాయన కూతురు. నలభై దగ్గర పడుతున్నాయి. కింద వీధిలో ఉన్న పూజసామాన్ల అంగడి తనదే. తలకు పోసుకుని, బొట్టు పెట్టుకుని, కాటుక భరిణె చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయింది.

“చూడుక్కా. రాత్రి తొమ్మిదికే పండుకుంటి. అయినా ఎట్లుండాయో చూడు.”

మీరూ దగ్గరికి రండి. కంటి లోపలి మూలలో మొదలై, చెంప వైపు వాలుగా దిగిన గాడి. రెండు వైపులా ఉంది, కుడివైపు ఇంకాస్త లోతు. గాడికి పైన చిన్న ఉబ్బు, కింద చెంప ఎముక, నడుమ చీకటి. ముఖంలో ఇంకెక్కడా అలసట లేదు.

“అంగడికి వచ్చినోళ్ళందరూ అదే మాట. ‘ఏం మే, ఒళ్ళు బాగలేదా? ఇంట్లో ఏమన్నా కొట్లాటా?’ అని. ఏమీ లేదని చెప్పి చెప్పి ఇప్పుడు నాకే అనుమానం వస్తాంది.”

ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. లేని జబ్బు గురించి రోజూ పదిమందికి సమాధానం చెప్పుకోవడం నిజంగా బాధే. దేశదేశాల నుంచి భక్తులు వచ్చే ఊళ్ళో ఉంటూ ముఖం గురించి దిగులుపడుతున్నానని ఆమెకు సిగ్గు కూడా. ఆ సిగ్గు అక్కర్లేదు. కాలు బెణికితే చూపించుకున్నట్టే ఇదీ చూపించుకోవచ్చు. కాకపోతే ఏది బాగు చేయించుకుంటున్నామో ముందు తెలుసుకోవాలి.

బల్బు ఆర్పి, ఫోన్ లైటు వేసి ఆమె ముఖానికి సరిగ్గా ఎదురుగా పట్టుకున్నాను. చీకటి చారలు ముప్పాతిక వంతు పోయాయి. చెయ్యి పైకెత్తి నెత్తి మీంచి వెలుగు పడేలా పట్టుకుంటే మళ్ళీ వచ్చేశాయి. ఇంకోసారి ఎదురుగా. పోయాయి. ఆమె అద్దంలోకి ముందుకు వంగి చూస్తోంది.

“అంటే ఇది నలుపు కాదా?”

చాలా వరకు నీడే. పల్లం మీద పైనుంచి వెలుగు పడితే నీడ పడుతుంది. మన ఇళ్ళల్లో దీపాలన్నీ కప్పుకే కదా. మధ్యాహ్నం ఎండా నడినెత్తి మీంచే. రోజంతా ఆమె ముఖాన్ని అందరూ చూసేది ఆ వెలుగులోనే.

కంటి కింద నలుపు అని మనం ఒక్క మాటతో తేల్చేస్తాం గానీ, చర్మవైద్యులు అందులో మూడు రకాలు చూస్తారు. ఒకటి రంగు: చర్మంలోనే మెలనిన్ ఎక్కువై గోధుమ నలుపుగా కనిపించేది. దీన్ని ఎటు లాగినా రంగు చర్మంతోపాటే కదులుతుంది. రెండోది రక్తం: పలచటి చర్మం కింద కండరం, సన్నటి నాళాలు నీలంగా, ఊదాగా కనిపించడం. రెప్పను మెల్లగా కిందికి సాగదీస్తే ఇది ఇంకా ముదురుతుంది. మూడోది ఆకారం: గుంట, ఉబ్బు, వాటి నీడ. సాగదీసినా, ఎదురు వెలుగు పట్టినా తగ్గిపోతుంది. చాలామందిలో రెండు మూడు కలిసే ఉంటాయి. వీటిలో ఫిల్లర్, అంటే గుంటను నింపడానికి సూదితో ఎక్కించే జెల్, పనికొచ్చేది మూడోదానికే. మిగతా రెంటికీ ఫిల్లర్ వేస్తే డబ్బు పోతుంది, రంగు మాత్రం అక్కడే ఉంటుంది.

కింద అంగడి తలుపు తీసేసరికి పక్కన పూలు కట్టే అమ్మాయి వచ్చేసింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి, చంకలో బిడ్డ. మా మాటలు మెట్ల మీంచి విన్నట్టుంది.

“అక్కా, ఆ సూదేదో నాక్కూడా చెప్పు. నాకూ ఉండాయి చూడు.”

ఉన్నాయి. అయితే ఆమెకు గుంటల్లేవు. రెప్పల చుట్టూ అంతా ఒకే ముదురు రంగు, మాట్లాడుతున్నంతసేపూ మణికట్టుతో కళ్ళు రుద్దుకుంటోంది. మా చెల్లెలు ఆమె కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగింది. లోపలి పొర ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయి ఉంది.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో, బండలూ వేరుశనగ చేలూ ఉన్న పీఠభూమి ఇది. ఎండకు కళ్ళు చికిలించడం, దుమ్ముకు దురద, దురదకు రుద్దడం, రుద్దిన చోట చర్మం మందమై నల్లబడటం ఇక్కడ మామూలే. దానికి తోడు రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. చర్మం పాలిపోతే కంటి కింద ముదురు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పాలిచ్చే తల్లికి ఏ మంచి డాక్టరూ అందం కోసం సూది వేయడు. ఆ అమ్మాయిని ఆ పొద్దే 1956 నుంచి నడుస్తున్న సత్యసాయి జనరల్ ఆస్పత్రికి రక్తపరీక్ష కోసం పంపించాం. బిడ్డ అంగడి గల్లాపెట్టె పక్కన నిద్రపోయాడు.

పది దాటాక ఆటోలో ప్రశాంతిగ్రామం. అక్కడి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిలో మా అవ్వకు కన్ను చూపించాలి. శుక్లం తీశారు, మళ్ళీ రమ్మన్నారు. 1991 నవంబరు 22న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించిన ఈ కట్టడాన్ని కీత్ క్రిచ్‌లో అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి గీశారు. గుమ్మటం కిందికి అడుగుపెడితే బయటి ఎండ ఒక్కసారిగా వెనకే ఉండిపోతుంది. బిల్లు కట్టే కౌంటరు లేని ఆస్పత్రి. కర్నూలు నుంచి, ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. అవ్వ నల్లద్దాలు తీసి, తన చేతి ముడతలు తనే లెక్కపెట్టుకుంటోంది.

“ఇన్ని ఎప్పుడొచ్చినాయి మే? ఇన్నాళ్ళూ కనపడలా.”

అవ్వ కళ్ళ కింద చూడండి. అదే గాడి, ఇంకా లోతుగా. చిన్నాయనకూ ఉంది. “మన వంశానికే ఉండాది, మా నాయనకూ ఇట్లనే,” అంది అవ్వ. ఎముక కట్టు తరతరాలుగా దిగుతుంది. వయసు మీద పడేకొద్దీ కంటిగూటి కింది అంచు ఎముక వెనక్కి తగ్గుతుంది, చెంపలోని కొవ్వు కిందికి జారుతుంది, కంటి చుట్టూ ఉండే మెత్తటి కొవ్వు ముందుకు తోసుకొస్తుంది. వీటన్నిటి మీదా కప్పి ఉన్నది ఒంట్లోకెల్లా పలచని చర్మం, సుమారు అర మిల్లీమీటరు. ఆ చర్మాన్ని కింది ఎముకకు పట్టి ఉంచే బిగువైన కట్టు ఒకటుంది. చుట్టూ ఉన్నవి జారినా అది జారదు, అందుకే సరిగ్గా అక్కడ గాడి పడుతుంది.

ఆ గాడిలోకి ఎక్కించే జెల్‌కు ఈ కంటి ఆస్పత్రితో చుట్టరికం ఉంది. దాని పేరు హైలురోనిక్ యాసిడ్. 1934లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ దాన్ని మొదటిసారి వేరుచేశారు. ఎక్కణ్నుంచి? ఆవు కంటిలోపలి జెల్లీ నుంచి. మన కంట్లో, కీళ్ళల్లో, చర్మంలో అది పుట్టుకతోనే ఉంటుంది, నీటిని పట్టి ఉంచుతుంది. ఎండ్రే బలాజ్ అనే హంగరీ శాస్త్రవేత్త కోడిపుంజు తలమీది ఎర్రజుట్టు నుంచి దాన్ని శుద్ధి చేసి తీశాడు. 1980 ప్రాంతానికి అది శుక్లాల ఆపరేషన్‌లోకి వచ్చింది: పాత కటకం తీసి కొత్తది పెట్టేటప్పుడు కన్ను ముడుచుకుపోకుండా లోపల నిలబెట్టేందుకు. మన దేశంలో ఆ పనికి చాలాచోట్ల చవకైన మిథైల్ సెల్యులోజ్ జెల్ వాడతారు. చూపు నిలబెట్టడానికి పనికొచ్చిన పదార్థం తర్వాత ముడతలకూ గుంటలకూ వచ్చింది. 1996లో స్వీడన్ కంపెనీ క్యూ-మెడ్ రెస్టిలేన్ అనే ఫిల్లర్‌ను యూరప్‌లో అమ్మకానికి పెట్టింది. అమెరికా దానికి 2003 డిసెంబరులో అనుమతిచ్చింది. ఇప్పుడు కోడిపుంజు అక్కర్లేదు, బ్యాక్టీరియాను పులియబెట్టి తీస్తున్నారు.

అవ్వకు ఇదంతా చెబితే ఒకే ఒక్క ప్రశ్న వేసింది: “అది కంట్లోకి పోతే?”

అడగాల్సిన ప్రశ్న అదే. దానికి జవాబు బెంగళూరులో డాక్టరు దగ్గర వింటారు.

బెంగళూరు బస్సు. కిటికీ పక్క సీటు చెల్లెలిది, నడిమిది మీది. చిత్రావతి ఇసుక వెనక్కి పోయింది. ఎర్రమట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు, చింతచెట్లు. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర జాతీయ రహదారి ఎక్కాం. ఆమె ఫోనులో దాచుకున్న వీడియోలు ఒక్కొక్కటే తీసి చూపిస్తోంది.

“ఇదేందో సూది లేకుండానే ఎక్కిస్తారంట. పెన్ను మాదిరి. దగ్గరి పట్నంలో పార్లరామె చేస్తాదంట, తక్కువకే.”

అది మాత్రం వద్దన్నాను, ఆలోచించకుండానే. ఆ పెన్ను జెల్‌ను గాలి ఒత్తిడితో చర్మంలోకి కొడుతుంది. ఎంత లోతుకు పోతుందో, ఎటు పోతుందో కొట్టేవాళ్ళ చేతిలో ఉండదు. 2021 అక్టోబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని వాడొద్దని జనానికీ వైద్యులకూ హెచ్చరిక జారీ చేసింది. పార్లర్‌లో కనుబొమలు తీర్చుకోండి, ముఖం కడిగించుకోండి. సూదిమందు మాత్రం డాక్టరు చేతే.

“మన కొవ్వే తీసి మనకే పెట్టేది?”

అది పాతకాలపు పద్ధతే, పైగా పుట్టింది సరిగ్గా ఈ కంటి కింది గుంట కోసమే. 1893లో గుస్తావ్ న్యూబర్ అనే జర్మన్ సర్జన్, జబ్బు వల్ల కంటి కింద పడిన గుంటను చేతి నుంచి తీసిన కొవ్వు ముక్కలతో పూడ్చాడు. ఇప్పుడు పొట్ట నుంచో తొడ నుంచో కొవ్వు లాగి, కడిగి, సన్నటి గొట్టంతో పెడతారు. మన ఒంటిదే కాబట్టి పడకపోవడం ఉండదు. కానీ పెట్టిందాంట్లో కొంత బతుకుతుంది, కొంత కరిగిపోతుంది. ఎంత అన్నది ముందే చెప్పలేరు. గడ్డ కడితే కరిగించే మందు లేదు, కోసి తీయాలి. ఒళ్ళు పెరిగితే అదీ పెరుగుతుంది.

న్యూబర్ తర్వాత ఆరేళ్ళకే, 1899 నుంచి, వియన్నాలో రాబర్ట్ గెర్సునీ పారఫిన్ ఎక్కించడం మొదలుపెట్టాడు. సులువుగా ఉందని ప్రపంచమంతా ఎగబడింది. కొన్నేళ్ళకు ఆ మైనం ముఖాల్లో గట్టి గడ్డలైంది, జరిగింది, పుండ్లు పడింది. కొందరికి చూపూ పోయింది. సిలికాన్ లాంటి శాశ్వతమైన మందులు కంటి కింద వేస్తామని ఎవరైనా అంటే ఆ చరిత్ర గుర్తుంచుకుని అక్కణ్నుంచి లేచి రావాలి. ముఖం ఏటేటా మారుతుంది. మారనిది లోపల పెట్టుకుంటే, పదేళ్ళ తర్వాత ఆ రెండూ ఒకదానికొకటి కుదరవు.

బాగేపల్లి దాటాం. సొంత రక్తం తీసి గిర్రున తిప్పి వేసే పీఆర్‌పీ గురించి అడిగింది. చర్మం నిగారింపు కొంత మెరుగవ్వచ్చు, విడతలు విడతలుగా వేయించుకోవాలి, గుంట మాత్రం నిండదు. సాల్మన్ చేప డీఎన్‌ఏతో చేసిన కొత్త సూదులదీ దాదాపు అదే దారి. వాటి మీద గట్టి పరిశోధనలు ఇంకా తక్కువ. కాల్షియం హైడ్రాక్సీ అపటైట్ ఉన్న ఫిల్లర్లు దవడకూ చెంపకూ బాగానే పనిచేస్తాయి. కంటి కింద తెల్లటి గడ్డలుగా కనిపిస్తాయి, కరిగించలేరు. గుంటకంటే కంటి కింది ఉబ్బు సంచి ఎక్కువైనవాళ్ళకు ఏ సూదీ కాదు, కింది రెప్ప ఆపరేషనే దారి.

“అయితే మిగిలింది నువ్వు చెప్పే ఆ కంటి జెల్లే,” అంది. చిక్కబళ్ళాపురం దగ్గర నంది కొండ కనబడితే అటు తిరిగి నమస్కారం పెట్టుకుంది.

క్లినిక్ మూడో అంతస్తు. డాక్టరమ్మది కోలారు వైపు. తెలుగు, కన్నడం రెండూ కలిసి వస్తాయి. చెల్లెల్ని పడుకోబెట్టలేదు, నిటారుగా కూర్చోబెట్టింది. పడుకుంటే గుంట మాయమవుతుంది, కొవ్వు వెనక్కి పోతుంది, అప్పుడు చూసింది నిజం కాదు. వెలుగు పైనుంచి, పక్కనుంచి, ఎదురుగా. కింది రెప్పను వేళ్ళతో ముందుకు లాగి వదిలింది. టక్కున వెనక్కి అతుక్కుంది. “బిగువుంది, మంచిదమ్మా. నెమ్మదిగా వెనక్కి పోయుంటే నేను వేసేదాన్ని కాదు.”

తర్వాత ప్రశ్నలు. పొద్దున లేచేసరికి కళ్ళు ఉబ్బుతాయా? థైరాయిడ్? బీపీకి, గుండెకి రక్తం పలచబడే మాత్రలు? పంటి వైద్యం ఏమైనా నడుస్తోందా? ఇదివరకు ముఖంలో ఏమైనా వేయించుకున్నావా? తేనెటీగ కుట్టినప్పుడు ఒళ్ళంతా వాచిందా? చివరిది ఎందుకో చెల్లెలికి అర్థం కాలేదు. డాక్టరమ్మ లేచి చిన్న ఫ్రిజ్ తెరిచి ఒక సీసా చూపించింది. హైలురోనిడేజ్. ఎక్కించిన జెల్‌ను కరిగించేది ఇదే. తేనెటీగ విషంలోనూ ఇలాంటి ఎంజైమ్ ఉంటుంది, అందుకని ఆ ప్రశ్న.

నా మట్టుకు ఆ గదిలో అన్నిటికంటే విలువైన వస్తువు ఆ సీసానే. డాక్టరు డిగ్రీ చూడండి, డబ్బా మీద దిగుమతి లైసెన్సు నంబరు, గడువు తేదీ చూడండి, సిరంజిని మీ ఎదురుగా విప్పమనండి. వీటితోపాటు కరిగించే మందు చేతికందేంత దగ్గర ఉందా అని అడగండి. లేదంటే ఆ కుర్చీలో కూర్చోకండి.

అవ్వ ప్రశ్న చెల్లెలే అడిగింది. “కంట్లోకి పోతాదా, మేడమ్?”

డాక్టరమ్మ తొందరపడలేదు. కాగితం మీద ముఖం గీసి చూపించింది. జెల్ కంటిగుడ్డులోకి పోదు. కానీ ముక్కు పక్కనా చెంపలోనూ ఉన్న రక్తనాళాలు కంటికి రక్తం ఇచ్చే నాళంతో కలుస్తాయి. సూది మొన ఒక నాళంలో ఉండగా గట్టిగా ఒత్తితే జెల్ వెనక్కి ప్రయాణించి రెటీనా నాళాన్ని మూసేయవచ్చు. రెటీనా రక్తం లేకుండా గంట, గంటన్నరకు మించి బతకదు; పోయిన చూపు దాదాపు తిరిగి రాదు. ముక్కు మీద, కనుబొమల నడుమ, నుదుటి మీద ఈ ప్రమాదం ఎక్కువ. కంటి కింద తక్కువే కానీ లేకపోలేదు. “చాలా అరుదమ్మా. అయినా నీకు తెలియకుండా నేను సంతకం తీసుకోను.”

చెల్లెలు కాగితం చాలాసేపు చూసింది. ఆ పూట వేయించుకోలేదు. ఇంటికెళ్ళి ఆలోచించుకుని రమ్మని డాక్టరమ్మే చెప్పింది. ఒక మిల్లీలీటరు సిరంజికి ఇరవై వేల పైమాటే. పండగ అమ్మకాల డబ్బు చేతికి వచ్చాక, మనసు గట్టిపడ్డాక మళ్ళీ బస్సెక్కింది.

ఇప్పుడు కుర్చీ పక్కన నిలబడండి. మత్తు క్రీము తుడిచేశారు. ముఖమంతా రెండుసార్లు క్రిమినాశకంతో తుడిచారు. డాక్టరమ్మ తెల్ల పెన్సిల్‌తో గాడి వెంట గీత గీసింది. కంటిగూటి అంచు ఎముకను వేలితో తడిమి అక్కడ ఇంకో గీత. ఫొటోలు నాలుగు వైపుల నుంచి.

చెంప మీద, గాడికి బాగా కింద, చిన్న సూదితో ఒక రంధ్రం. అంతే సూది పని. అందులోంచి మొన గుండ్రంగా ఉండే పొడవాటి సన్న గొట్టం, కాన్యులా, లోపలికి జరిగింది. మొద్దు మొన కావడంతో నాళాన్ని చీల్చే అవకాశం తక్కువ. చర్మం కింద అది కదులుతుంటే పైకి సన్నటి గీత లేచి అణుగుతోంది. చెల్లెలు నా చెయ్యి బిగించి పట్టుకుంది.

“నొప్పా?”

“నొప్పి కాదక్కా. లోపల ఏందో నడుస్తాంది.”

మొన కండరం కిందికి, ఎముక దగ్గరికి చేరింది. డాక్టరమ్మ ఎడమచేతి వేలు కంటిగూటి అంచు మీదే కాపలాగా ఉంది, జెల్ పైకి జారకుండా. బొటనవేలు సిరంజి మీద కదిలిందా లేదా అన్నట్టు కదిలింది. బఠానీలో సగం కూడా లేనంత జెల్. ఆగింది. అద్దం తీసి చూసింది. కళ్ళు తెరిచి నా వేళ్ళు ఎన్నో చెప్పమంది. చర్మం తెల్లబడుతోందా అని గోరుతో నొక్కి రంగు తిరిగి రావడం చూసింది. మళ్ళీ కొంచెం. లోతుగా వేయడమే ఇక్కడి విద్య. పైపైన వేస్తే ఆ పలచటి చర్మం లోంచి జెల్ నీలంగా కనబడుతుంది. పారదర్శకమైన పదార్థంలో వెలుగు చెదిరి నీలం వైపు తిరగడం అది. పందొమ్మిదో శతాబ్దపు భౌతికశాస్త్రవేత్త జాన్ టిండాల్ పేరుతో దాన్ని టిండాల్ ఎఫెక్ట్ అంటారు. నలుపు పోగొట్టుకుందామని వెళ్ళి నీలం తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. అదీ కరిగించే మందుతోనే పోతుంది.

రెండు వైపులకీ కలిపి సిరంజిలో సగం కొంచెం దాటింది. డాక్టరమ్మ ఆపేసింది.

“ఇంకా గుంట ఉంది కదా మేడమ్?”

“ఉంది. ఉండనీ. ఈ జెల్ నీళ్ళు పీలుస్తుంది, రేపటికి ఇంకాస్త పొంగుతుంది. ఇప్పుడే నిండుగా వేస్తే అప్పుడు సంచులవుతాయి.”

చెల్లెలు సిరంజి వైపు చూసింది. ఇరవై వేల మందులో సగం దగ్గర దగ్గర అందులోనే ఉంది. “మిగిలింది ఫ్రిజ్‌లో పెడతారా? పైసారి వేస్కుంటా. లేదంటే మా వదినెకు...”

డాక్టరమ్మ సిరంజిని చెత్త డబ్బాలో పడేసింది. విప్పిన సిరంజిని దాచి మళ్ళీ వాడితే ఇన్‌ఫెక్షన్. ఒకరి సిరంజి ఇంకొకరికి ముట్టించడం అంతకంటే ఘోరం. అమెరికాలో సైతం కంటి కింది గుంటకని ప్రత్యేకంగా మొదటి అనుమతి, జువెడెర్మ్ వోల్‌బెల్లాకు, 2022లో గానీ రాలేదు. రెస్టిలేన్ ఐలైట్‌కు 2023లో వచ్చింది. దానికి ముందు వైద్యులు తమ అనుభవం మీదే వేసేవారు. ఇది ఎంతో భయంగా, ఎంతో కొంచెంగా వేయాల్సిన చోటనే మాట ఆ ఆలస్యంలోనే తెలుస్తుంది. కొంచెంతో ఆపే డాక్టరే మంచి డాక్టరని నేను నమ్ముతాను.

పుట్టపర్తిలో మొదటి పొద్దు ఎడమ చెంప మీద చిన్న కమిలిన మచ్చ, రెండు కళ్ళ కిందా వాపు. చెల్లెలు అంగడికి నల్లద్దాలు పెట్టుకుని పోయింది. చూపు మసకబారినా, చెంప తెల్లబడినా, నొప్పి పెరుగుతూ పోయినా అర్ధరాత్రయినా ఫోన్ చేయమని డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం గల్లాపెట్టె మూతకు అతికించింది. అవేవీ రాలేదు. రుద్దలేదు, ఎండలోకి పోలేదు, తలకింద ఎత్తు పెట్టుకుని పండుకుంది. వాపు దిగిన కొద్దీ గాడి కాస్త పైకి తేలింది. పూర్తిగా పోలేదు. అవ్వ కొత్త చూపుతో దగ్గరికి లాక్కుని చూసి, “ఏమీ తెలీలా, బాగుండావు,” అంది. చేయించుకున్నట్టు తెలియకపోవడమే ఈ పనిలో నెగ్గడం.

రంగు మిగిలింది. నీడ తగ్గాక తెలిసింది, లోపలి మూలలో కొంచెం అసలు నలుపు కూడా ఉందని. దాన్ని ఫిల్లర్ ముట్టుకోదు. దానికి రోజూ సన్‌స్క్రీన్, గొడుగు, కాటుక రాత్రి కడిగేసి పండుకోవడం.

రివ్యూ రోజున డాక్టరమ్మ పాత ఫొటోలూ కొత్తవీ పక్కపక్కన పెట్టింది. చెల్లెలు కుడివైపు చూపించింది.

“ఇక్కడ ఇంకొంచెం వేస్తే సమానమైతాది కదా మేడమ్?”

“కుడివైపు ఎముకే లోతమ్మా. సమానం చేయాలంటే ఎక్కువ వేయాలి, ఎక్కువ వేస్తే నవ్వినప్పుడు గడ్డలా లేస్తుంది. వేయను.”

“ఇది ఏడాదికి కరిగిపోతాదంట. అప్పుడు మళ్ళీ వేస్తారా?”

“ఏడాదని డబ్బా మీద రాస్తారు. ఎమ్మారై తీసి చూస్తే కొందరిలో ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. అలా తెలియక ఏటేటా వేయించుకుంటూ పోయి ఉబ్బిన కళ్ళతో నా దగ్గరికి కరిగించుకోవడానికి వస్తున్నారు. ఏడాదికి వచ్చి చూపించుకో. చూపించుకోవడానికే రా, వేయించుకోవడానికని డబ్బు కట్టుకుని రావద్దు.”

చెల్లెలు చేతిసంచిలోంచి అంగడి లెక్కల పుస్తకం తీసి, వెనక పేజీలో తేదీ రాసుకుంది. తర్వాత డాక్టరమ్మను ఇంకొకటి అడిగింది, తనకోసం కాదు: పూలంగడి అమ్మాయికి రక్తం తక్కువని తేలింది, ఐరన్ మాత్రలిచ్చారు, ఆ మాత్రలు టీతో వేసుకోవచ్చా అని. టీతో వద్దు, నిమ్మరసంతో మంచిదని డాక్టరమ్మ చెప్పింది. చెల్లెలు అదీ ఆ పేజీలోనే, తన తేదీ కింద రాసుకుంది.